ఫజీ సెర్చ్ పెట్టగానే సంబంధం లేనివన్నీ వస్తున్నాయి, ఏ అల్గారిథం వాడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. పుస్తకాల పేర్లు, రచయితల పేర్లు కలిపి రెండు లక్షల రికార్డులున్నాయి. కొన్ని తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో. వెతికేవాళ్లు ఒక అక్షరం తప్పు కొట్టినా దొరకాలని (ఫజీ సెర్చ్ అంటే అదే) పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఎడిట్ దూరం, అంటే ఎన్ని మార్పులతో ఒక మాట ఇంకోటవుతుందన్న లెక్క, 2 లోపు ఉన్నవన్నీ చూపించేలా రాశారు. దాంతో అడిగినదానికి పొంతన లేనివి పైకొస్తున్నాయి, తెలుగు పదాలకైతే మరీను. ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ ఇంజిన్‌లో, ఎన్ని తప్పులు క్షమించాలో అదే తేల్చుకునే ‘ఆటో’ పెట్టి చూసినా అంతే. లెవెన్‌స్టైన్, ట్రైగ్రామ్, సౌండెక్స్, వీటిలో ఏది వాడాలి, పోస్ట్‌గ్రెస్ వదిలేసి మారిపోవాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. మారక్కర్లేదు. రెండు లక్షల రికార్డులకి మీ దగ్గరున్నది చాలు. అల్గారిథం ఎంపిక కూడా మీ అసలు సమస్య కాదు. మీరు తప్పులనుకుంటున్నవాటిలో చాలా భాగం తప్పులే కావు, ఒకే మాటని ఇద్దరు రెండు రకాలుగా రాయడం. వాటిని నార్మలైజేషన్‌తో ముందే ఒకటి చేసెయ్యాలి. ఆ తర్వాత ఉన్నదున్నట్టు వెతకాలి. అప్పటికీ దొరక్కపోతేనే ఎడిట్ దూరం జోలికి వెళ్లాలి, అదీ చిన్న పదాలకి చాలా పిసినారిగా. మీరు ఈ వరుసని తిరగేశారు, ఆఖరి మందుని మొదటే వేశారు. సెర్చ్ మీద ఏళ్ల తరబడి పనిచేస్తూ నేను సరిచేసిన చాలా ప్రాజెక్టుల్లో కనిపించింది ఇదే.

ముందు తెలుగులో ఎందుకంత గందరగోళం వస్తోందో చూద్దాం.

ఎడిట్ దూరం అంటే ఒక మాటని ఇంకో మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీసెయ్యాలి, మార్చాలి అన్న లెక్క. వ్లదీమిర్ లెవెన్‌స్టైన్ 1965లో బైనరీ కోడ్‌లలో దొర్లే పొరపాట్లని సరిదిద్దే సమస్య కోసం దీన్ని ప్రతిపాదించాడు. అంతకు ఏడాది ముందే, 1964లో, ఫ్రెడరిక్ డామెరో స్పెల్లింగ్ తప్పుల్ని పరిశీలించి, వాటిలో 80 శాతానికి పైగా నాలుగు రకాల్లో ఒకే ఒక్క తప్పు అని చూపించాడు: ఒక అక్షరం ఎక్కువ కావడం, ఒకటి పోవడం, ఒకటి మారడం, పక్కపక్క రెండూ తారుమారు కావడం. ఒకటి రెండు మార్పుల దాకా క్షమిస్తే చాలన్న నేటి అలవాటు వెనకున్న ఆలోచన ఇదే. అయితే ఆ పరిశీలన ఇంగ్లీషు మాటల మీద జరిగింది. అక్కడ ఒక అక్షరమంటే కీబోర్డు మీద ఒక మీట, కంప్యూటర్‌లో ఒక కోడ్‌పాయింట్, అంటే లిపులన్నిటికీ నంబర్లిచ్చే యూనికోడ్ ప్రమాణంలో ఒక నంబరు.

తెలుగులో లెక్క అలా కుదరదు. ‘స్త్రీ’ తీసుకోండి. మనకి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారం గుర్తు, మొత్తం ఆరు కోడ్‌పాయింట్లు. ఎలాస్టిక్‌సెర్చ్‌లో ‘ఆటో’ ఏం చేస్తుందంటే, రెండు కోడ్‌పాయింట్ల దాకా ఉన్న మాటలకి ఒక్క తప్పూ ఒప్పుకోదు, మూడు నుంచి ఐదు దాకా ఒక తప్పు, ఐదు దాటితే రెండు తప్పులు ఒప్పుకుంటుంది. ఆ లెక్కన ‘స్త్రీ’ పొడుగాటి మాట కిందికి వస్తుంది, రెండు తప్పుల దాకా పోనిస్తుంది. పలికేవాడికి ఒక్క అక్షరం ఉన్న మాటలో రెండు తప్పులు పోనిస్తే ఇంక మిగిలేదేముంది!

ఇంకా మామూలు ఉదాహరణ ‘పాట’. ప, దీర్ఘం, ట, అంటే మూడు కోడ్‌పాయింట్లు. ఒక తప్పుకి అనుమతి. ఒక్క మార్పుతో పాటకి ఎన్ని చుట్టాలొస్తాయో చూడండి: మాట, బాట, తాట, పాత, పాప, పాక, పీట, పేట. ఇవన్నీ సరైన మాటలే, ఒకటీ తప్పు స్పెల్లింగ్ కాదు. తెలుగులో ఇలాంటి రెండక్షరాల మాటలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉంటాయంటే, వాటి మీద ఎడిట్ దూరం పెట్టడమంటే నిఘంటువులో ఆ పేజీ మొత్తం తెచ్చి ఇవ్వడమే. మీరు పెట్టిన 2కి ఇంకెన్ని వస్తాయో ఊహించుకోండి.

అదే సమయంలో, దొరకాల్సింది దొరకదు కూడా. ‘పుస్తకం’ అని వెతికినవాళ్లకి ‘పుస్తకాలు’ రావాలి కదా. చివరి సున్న దీర్ఘంగా మారాలి, లకారం చేరాలి, కొమ్ము చేరాలి. మూడు మార్పులు. మీ హద్దు 2 కాబట్టి రాదు. అంటే ఒకే మాటకి బహువచనం బయట ఉండిపోయింది, ‘పాట’కి ‘పీట’ మాత్రం లోపలికొచ్చింది. విభక్తులు, బహువచనాలు తప్పులు కావు, వాటి పని స్టెమ్మింగ్‌ది, అంటే ప్రత్యయాలు తీసేసి మూల పదానికి తెచ్చే పద్ధతిది. ఎడిట్ దూరంతో ఆ పని చేయించాలని చూసిన ప్రతిచోటా హద్దు పెంచుకుంటూ పోయి చెత్త పేరుకుపోవడమే చూశాను.

మొదటి మెట్టు: కంటికి ఒకేలా కనిపించేవి కంప్యూటర్‌కీ ఒకేలా కనిపించాలి.

నన్ను ఒక రోజంతా తిప్పలు పెట్టిన సంగతి చెప్తాను. ఒక సంస్థ కోసం చేసిన క్యాటలాగ్‌లో ఒక శీర్షిక తెర మీద కళ్లెదురుగా ఉంది. దాన్నే అక్షరం పొల్లుపోకుండా వెతుకులాట పెట్టెలో టైప్ చేస్తే సున్నా ఫలితాలు. శీర్షికలో ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాట ఉంది. ట పొల్లుకీ వకీ మధ్య, వ కింద వత్తుగా మారిపోకుండా ఆపడానికి, కంటికి కనబడని ఒక గుర్తు పెడతారు. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు దాన్ని. డేటా ఎక్కించినవాళ్ల కీబోర్డు దాన్ని పెట్టింది, వెతికేవాళ్ల కీబోర్డు పెట్టలేదు. నేనేమో ఫలితాల వరుస కట్టే ర్యాంకింగ్‌లో, త్వరగా వెతకడానికి కట్టుకునే ఇండెక్స్‌లో, పాత ఫలితాలు దాచుకునే కాషేలో వెతుకుతూ కూర్చున్నాను. చివరికి రెండు మాటల్నీ బైట్ల లెక్కన పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి మూడు బైట్లు పొడుగుంది. అప్పటినుంచి ‘కనబడుతోంది కానీ దొరకట్లేదు’ అని ఎవరన్నా నేను చేసే మొదటి పని బైట్లు చూడటమే.

అలాంటిదే ఐత్వం. ‘వైద్యం’లో ఉన్న ఐత్వం గుర్తుకి యూనికోడ్‌లో ఒక కోడ్‌పాయింట్ ఉంది. ఎత్వం గుర్తు, దాని కింద ఐత్వం పొడుగు గుర్తు అని రెండు ముక్కలుగా కూడా రాయొచ్చు. తెర మీద రెండూ ఒకటే. ప్రామాణిక యూనికోడ్ నార్మలైజేషన్, అంటే ఎన్ఎఫ్‌సీ, నడిపితే రెండూ ఒకే రూపానికి వస్తాయి. ఇది ఖర్చులేని పని. చెయ్యకపోవడానికి కారణం లేదు.

ఆ తర్వాతది తెలుగు తెలిసినవాళ్లు మాత్రమే చెయ్యగలిగిన పని, దీని మీదే మీరు ఎక్కువ సమయం పెట్టాలని నా కోరిక. ‘వాళ్లు’, ‘వాళ్ళు’. ‘పెళ్లి’, ‘పెళ్ళి’. రెండూ అచ్చులో కనబడతాయి, రెండూ చదువుకున్నవాళ్లే రాస్తారు. ‘కృష్ణ’, ‘క్రిష్ణ’. ‘ఆస్పత్రి’, ‘ఆసుపత్రి’. ‘సంబంధం’, ‘సమ్బన్ధం’. ‘వెబ్‌సైట్’, ‘వెబ్సైట్’, ‘వెబ్ సైట్’. వీటిని తప్పొప్పులుగా చూడకండి. ఇండెక్స్ చేసేటప్పుడూ, క్వెరీ, అంటే వెతికే మాట, వచ్చినప్పుడూ రెండు వైపులా ఒకే నియమాలతో ఒకే రూపానికి తెచ్చేస్తే పోలిక ఉన్నదున్నట్టు జరుగుతుంది. ఎడిట్ దూరం అవసరమే రాదు. రెండు వైపులా ఒకే ఫంక్షన్ నడవాలన్నది మర్చిపోకండి. ఒక వైపు మాత్రమే నడిపితే అసలు నడపకపోవడం కంటే ఎక్కువ నష్టం. ఫంక్షన్‌లో ఒక నియమం మార్చిన ప్రతిసారీ మొత్తం ఇండెక్స్ తిరగ కట్టాలి కూడా.

ఖాళీల సంగతి విడిగా చెప్పాలి. ‘వెబ్ సైట్’ అని విడగొట్టి రాస్తే అవి రెండు టోకెన్లు, అంటే కంప్యూటర్ విడివిడిగా చూసే రెండు మాటలు, కలిపి రాస్తే ఒకటి. మాటకి మాటని పోల్చే ఫజీ మ్యాచింగ్ ఏదైనా ఇక్కడ చేతులెత్తేస్తుంది, ఎందుకంటే పోల్చడానికి జత కుదరదు. నేను చేసేది మొరటు పద్ధతే కానీ పనిచేస్తుంది: ఖాళీలన్నీ తీసేసిన శీర్షికని ఇంకో కాలమ్‌లో పెట్టుకుని, మామూలుగా దొరకనప్పుడు అక్కడ వెతకడం. సంధి కలిపి రాసినవాళ్లకీ విడదీసి రాసినవాళ్లకీ చాలావరకు ఇది సరిపోతుంది.

రెండో మెట్టు: ధ్వనిని బట్టి ఒక కీ, అంటే ఒకేలా వినబడే మాటలన్నిటికీ ఒకే గుర్తు.

సౌండెక్స్ గురించి అడిగారు. రాబర్ట్ రసెల్ దానికి 1918లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. పేరులో మొదటి అక్షరం ఉంచి, మిగతా హల్లుల్ని ధ్వని గుంపుల్ని బట్టి అంకెలుగా మార్చి, మూడు అంకెలకి కుదిస్తారు. రాబర్ట్, రూపర్ట్ రెండూ ఒకే కోడ్‌కి వస్తాయి. అది ఇంగ్లీషు పేర్ల కోసం పుట్టింది. మెటాఫోన్, డబుల్ మెటాఫోన్ దాని తర్వాత వచ్చిన మెరుగైన రూపాలు, వాటి దృష్టి కూడా ఇంగ్లీషు మీదే. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్ సౌండెక్స్, మెటాఫోన్ ఫంక్షన్లు యూటీఎఫ్-8 లాంటి, ఒక అక్షరానికి ఒకటికంటే ఎక్కువ బైట్లు పట్టగల ఎన్‌కోడింగ్‌లలో సరిగా పనిచెయ్యవని తనే చెప్తుంది. కాబట్టి తెలుగు కాలమ్ మీద వాటిని పెట్టకండి.

అయితే ఆలోచన మాత్రం మనకి బంగారం. ఇంగ్లీషులో స్పెల్లింగ్ నుంచి ధ్వనిని ఊహించాలి, తెలుగు లిపి ధ్వనికి దగ్గరగానే ఉంది. అందుకని కీ కట్టడం తేలిక. నా నియమాలు సుమారుగా ఇలా ఉంటాయి: ఒత్తక్షరాల్ని మామూలువిగా చెయ్యి (భ ని బ, ధ ని ద, ఠ ని ట), ళ ని ల చెయ్యి, ణ ని న చెయ్యి, శ, ష, స మూడింటినీ స చెయ్యి, దీర్ఘాల్ని హ్రస్వాలు చెయ్యి, జంట హల్లుల్ని ఒకటి చెయ్యి, హల్లు ముందు వచ్చే మ్, న్‌లని సున్న చెయ్యి, ఋత్వాన్ని ‘రి’గా రాయి. ‘బాష’ అని కొట్టినవాళ్లకి ‘భాష’ దొరుకుతుంది, ‘సాస్త్రం’ అని కొట్టినవాళ్లకి ‘శాస్త్రం’ దొరుకుతుంది.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, నేను పడ్డాను కాబట్టి చెప్తున్నాను. ఈ నియమాలన్నీ కలిస్తే కల, కళ, కాల, కళ్ల, కాళ్ల, ఐదూ ‘కల’ అనే ఒకే కీకి వస్తాయి. మొదట్లో నేను కీ కలిసినవన్నీ సమానమని ర్యాంకింగ్ ఇచ్చాను. ‘కళ’ అని సరిగ్గా టైప్ చేసినవాళ్లకి కాళ్ల గురించిన పుస్తకం ముందొచ్చింది. సరిగా రాసినవాళ్లని శిక్షించే సెర్చ్ ఎవరికీ అక్కర్లేదు. కీ ఉన్నది అభ్యర్థుల్ని, అంటే ఫలితం కాగల రికార్డుల్ని, పోగు చెయ్యడానికి మాత్రమే. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది అసలు రూపాలని పోల్చి తేల్చాలి. ఉన్నదున్నట్టు కలిసినది ఎప్పుడూ పైన. నార్మలైజ్ అయ్యాక కలిసినది తర్వాత. కీ మాత్రమే కలిసినది ఆ తర్వాత. ఈ మూడు అంతస్తుల మధ్య గోడ గట్టిగా ఉండాలి, స్కోర్లు కలగలిపి కూడకండి.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పేర్లు కొట్టేవాళ్లకి కూడా ఇదే దారి. ‘లక్ష్మి’ని మధ్యలో కే, ఎస్, హెచ్ పెట్టి రాసేవాళ్లున్నారు, ఒక్క ఎక్స్‌తో సరిపెట్టేవాళ్లున్నారు. ఆ రెండింటి మధ్య ఎడిట్ దూరం 3. మీ హద్దు దాటిపోయింది. కానీ రెండింటినీ ధ్వని కీలోకి మారిస్తే ఒకటే. త ధ్వనికి ఒకరు టీ, ఇంకొకరు టీ హెచ్, దీర్ఘానికి ఒకరు ఒక ఏ, ఇంకొకరు రెండు ఏలు. ఇలాంటి తేడాలు పదీ పదిహేను నియమాల్లో ఒదుగుతాయి. రోమన్ క్వెరీనీ, తెలుగు శీర్షికనీ ఒకే కీకి తెచ్చారంటే లిపి తేడా కూడా అడ్డు రాదు, తెలుగు శీర్షిక రోమన్‌లో వెతికినా దొరుకుతుంది. మీ దగ్గర రెండు భాషల రికార్డులున్నాయి కాబట్టి మీకు ఇది అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడుతుందని నా నమ్మకం.

మూడో మెట్టు: అప్పుడు ఎడిట్ దూరం, ట్రైగ్రామ్.

ఇప్పుడు మిగిలినవి నిజమైన టైపింగ్ తప్పులు. వీటికి రెండు పనిముట్లూ కావాలి, ఎందుకంటే ఒకటి తడబడే చోట రెండోది నిలబడుతుంది.

ట్రైగ్రామ్ అంటే మాటని మూడేసి అక్షరాల ముక్కలు చేసి, ఎన్ని ముక్కలు కలిశాయో చూడటం. పోస్ట్‌గ్రెస్‌తో పాటు వచ్చే ట్రైగ్రామ్ ఎక్స్‌టెన్షన్ ప్రతి మాటకీ ముందు రెండు ఖాళీలు, వెనక ఒక ఖాళీ ఉన్నట్టు భావించి ముక్కలు చేస్తుంది. ‘కమల’కి నాలుగు ముక్కలు. చివరి సున్నని కూడా లెక్కపెడితే ‘కమలం’కి ఐదు. మూడు ఉమ్మడి, మొత్తం వేర్వేరు ముక్కలు ఆరు, కాబట్టి సామ్యం 0.5. డిఫాల్ట్ హద్దు 0.3 కాబట్టి దొరుకుతుంది. అదే ‘కమల’ బదులు పొరపాటున ‘కవల’ అని కొడితే? ఒక్క అక్షరమే మారింది, కానీ అది మధ్యలో ఉంది కాబట్టి నాలుగు ముక్కల్లో మూడు పాడయ్యాయి. ఉమ్మడి ఒకటి, మొత్తం ఏడు, సామ్యం 0.14. దొరకదు. ఎడిట్ దూరానికి మాత్రం అది 1, ఇట్టే పట్టుకుంటుంది.

పెద్ద శీర్షికల్లో కథ తిరగబడుతుంది. ‘తెలుగు వ్యాకరణం’, ‘వ్యాకరణం తెలుగు’ అన్నవాటికి ట్రైగ్రామ్ లెక్కలో తేడానే లేదు, ముక్కలు ఏ మాటకి ఆ మాటకే కడతారు కాబట్టి సామ్యం 1. మొత్తం శీర్షికల మధ్య ఎడిట్ దూరం కడితే మాత్రం చాలా దూరం వస్తుంది. అందుకే శీర్షికకి ట్రైగ్రామ్, విడి మాటకి ఎడిట్ దూరం అని నేను పని పంచుతాను. మీరు మొత్తం శీర్షిక మీద లెవెన్‌స్టైన్ ఫంక్షన్ నడుపుతున్నారని మీరు రాసిన డేటాబేస్ క్వెరీ చూస్తే అనిపిస్తోంది. అది అన్ని వరుసల్నీ తడుముతుంది, ఇండెక్స్ సాయం ఉండదు. ముందు ట్రైగ్రామ్ మీద పోస్ట్‌గ్రెస్‌లోని జిన్ రకం ఇండెక్స్‌తో వంద రెండొందల అభ్యర్థుల్ని తీసుకుని, వాటి మీద మాత్రమే ఎడిట్ దూరం లెక్క కట్టండి. పైన ‘కవల’ లాంటి చిన్న మాటలు ఈ జల్లెడలో జారిపోతాయి కాబట్టి, శీర్షికల్లో వచ్చే వేర్వేరు మాటలన్నిటితో ఒక చిన్న పట్టిక కట్టుకోండి. రెండు లక్షల శీర్షికలున్నా వేర్వేరు మాటలు అంతకంటే బాగా తక్కువుంటాయి, క్వెరీలోని చిన్న మాటని నేరుగా ఆ పట్టికతోనే పోల్చొచ్చు.

తెలుగులో ట్రైగ్రామ్ వాడేముందు ఒక పరీక్ష తప్పనిసరి. ఆ ఎక్స్‌టెన్షన్ అక్షరాలు, అంకెలు కానివాటిని వదిలేస్తుంది. ఏది అక్షరం అన్నది డేటాబేస్ లోకేల్‌ని, అంటే దాని భాషా ప్రాంతాల సెట్టింగ్‌ని, బట్టి ఉంటుంది. పొల్లు గుర్తుని అక్షరం కాదనుకుంటే ‘పుస్తకం’ రెండు ముక్కలుగా విరిగిపోతుంది. ముక్కల్ని చూపించే ఫంక్షన్ ఒకటి అందులోనే ఉంది. మీ డేటాబేస్‌లో నాలుగు సంయుక్తాక్షరాల మాటలు ఇచ్చి చూడండి. విరుగుతుంటే, అసలు తెలుగు మాట బదులు ధ్వని కీని రోమన్ అక్షరాల్లో నిలవ చేసి దాని మీద ట్రైగ్రామ్ నడపండి. నేను ఇప్పుడు లోకేల్ ఏదైనా అలాగే చేస్తున్నాను. సంయుక్తాక్షరాల పొడుగు బాధ కూడా దాంతో చాలా తగ్గుతుంది, ఎందుకంటే పొల్లు గుర్తులు రోమన్ కీలోకి రావు.

ఎన్ని తప్పులు ఒప్పుకోవాలి అన్నదానికి నా లెక్క: కోడ్‌పాయింట్లు కాదు, పలికే అక్షరాలు లెక్కపెట్టండి. రెండక్షరాల మాటకి సున్నా. మూడు నాలుగు అక్షరాలకి ఒకటి. ఐదు, ఆపైన ఉంటే రెండు. రెండు దాటి ఎప్పుడూ పోవద్దు. ఎలాస్టిక్‌సెర్చ్ లోపల నడిచే లూసీన్ లైబ్రరీ కూడా రెండు దగ్గరే ఆపేస్తుంది. 2012లో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి అది లెవెన్‌స్టైన్ ఆటోమేటన్లు వాడుతోంది. క్లాస్ షుల్ట్స్, స్తోయన్ మిహోవ్ 2002లో ప్రచురించిన పద్ధతి అది. క్వెరీ మాటకి దగ్గరగా ఉండే మాటలన్నిటినీ గుర్తుపట్టే ఒక యంత్రాన్ని కట్టి, వరుసలో ఉన్న పదకోశంతో దాన్ని జత చేసి నడిపిస్తే, సంబంధం లేని భాగాలన్నీ దాటేసుకుంటూ పోతుంది. దూరం పెరిగేకొద్దీ ఆ యంత్రం పెద్దదైపోతుంది, వచ్చే మాటలు పనికిరాకుండా పోతాయి.

మొదటి అక్షరం తప్పకుండా కలవాలన్న షరతు పెడితే వేగం బాగా పెరుగుతుంది. ముడి తెలుగు మీద ఈ షరతు పెట్టకండి, ‘బాష’కీ ‘భాష’కీ తేడా మొదటి అక్షరంలోనే ఉంది. ధ్వని కీ మీద పెట్టుకోవచ్చు, అక్కడ ఆ తేడా అప్పటికే పోయింది.

అన్ని మార్పులకీ ఒకే వెల కట్టనక్కర్లేదు కూడా. మీ వాళ్లు ఎలా టైప్ చేస్తారో చూడండి. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగులోకి మార్చే కీబోర్డుల్లో షిఫ్ట్ మీట మర్చిపోతే ణ బదులు న, ళ బదులు ల, ట బదులు త పడతాయి. మీటల మీదే తెలుగు అక్షరాలుండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వాడేవాళ్ల తప్పులు పక్క మీటల తప్పులు. స్కాన్ చేసి, బొమ్మలోంచి అక్షరాల్ని గుర్తుపట్టే ఓసీఆర్ నడిపిన పాఠంలో ధ, థలు, ప, వలు తారుమారవుతాయి, అక్కడ పోలిక ఆకారాలది. మైకులో చెప్పేవాళ్లకి అక్షరాలు సరిగానే పడతాయి, మాటలు విరిగే చోటు మారిపోతుంది. న, ణ మార్పుకి 0.3, న, గ మార్పుకి 1 అని వెలలు పెడితే ఫలితాల వరుస చూడగానే తేడా తెలుస్తుంది. అంకెలు మీ డేటాని చూసి సర్దుకోండి, నావి నా డేటాకి కుదిరినవి.

ర్యాంకింగ్‌లో ఇంకో చిక్కు. అరుదైన మాటకి ఎక్కువ బరువు ఇవ్వడం సెర్చ్ ఇంజిన్ల స్వభావం. మీ రికార్డుల్లోనే ఎవరో ఒక శీర్షికని తప్పుగా ఎక్కించారనుకోండి, ఆ తప్పు మాట చాలా అరుదు. ఫజీలో అది కూడా కలిస్తే, అరుదు కాబట్టి బరువెక్కి సరైన శీర్షికని దాటి పైకి పోతుంది. లూసీన్ కొత్త వెర్షన్లు దగ్గరి మాటల తరచుదనాన్ని కలిపి చూసి దీన్ని సర్దుతాయి. మీరు సొంతంగా రాసుకుంటే మీరే చూసుకోవాలి. అన్నట్టు, అలా పైకొచ్చిన తప్పులు మీ డేటాలో దిద్దాల్సిన రికార్డుల జాబితా. వదులుకోకండి.

ఫజీ అసలు పెట్టకూడని చోట్లు ఉన్నాయి. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య), ఫోన్ నంబర్లు, సంవత్సరాలు, ఏ రకమైన కోడ్ అయినా. ఒక అంకె తేడా అంటే ఇంకో వస్తువు. మీ పెట్టెలో జనం ఐఎస్‌బీఎన్ కూడా కొడతారు కాబట్టి, అంకెలున్న టోకెన్‌ని ముందే గుర్తుపట్టి ఉన్నదున్నట్టు వెతికే దారిలోకి పంపండి.

ఒకసారి మందుల పేర్ల జాబితా మీద సెర్చ్ కట్టాల్సి వచ్చింది. దగ్గరగా ఉన్న పేరుతో దిద్ది నేరుగా ఫలితం చూపించమని అడిగారు. నేను ఒప్పుకోలేదు. హైడ్రాక్సిజిన్, హైడ్రాలజిన్ అని రెండు మందులున్నాయి. మొదటిది దురదకీ ఆందోళనకీ ఇచ్చేది, రెండోది రక్తపోటుకి. ఒకదాన్ని ఒకటి పొరబడే జంటగా వైద్యరంగంలో పేరుపడ్డాయి. అలాంటి చోట యంత్రం తనంతట తను దిద్దకూడదు. ‘ఇదా, ఇదా మీరడిగింది?’ అని రెండూ చూపించి మనిషి చేత నొక్కించాలి. ఆ పట్టుదల మీద నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.

మీ పుస్తకాలకి అంత జాగ్రత్త అక్కర్లేదు, కానీ మర్యాద ఒకటే. సరిగ్గా దొరికినవి ఉంటే ఫజీ ఫలితాలు కలపకండి. ఏమీ దొరకనప్పుడు, ఒకే ఒక్క గట్టి అభ్యర్థి ఉంటే దాని ఫలితాలు చూపించి, పైన ‘ఫలానా మాటకి చూపిస్తున్నాం, మీరు టైప్ చేసినదానికే వెతకాలంటే ఇక్కడ నొక్కండి’ అని రాయండి. ఇద్దరు ముగ్గురు అభ్యర్థులుంటే అడగండి, ఊహించకండి.

దగ్గరి మాట ఏదో తేల్చడానికి నిఘంటువు కంటే, ఏమేం వెతికారో నమోదయ్యే మీ లాగ్ మేలు. ఒకరు ఒక మాట కొట్టి, ఏదీ నొక్కకుండా, వెంటనే కొంచెం మార్చి ఇంకోసారి కొట్టి, అప్పుడు ఒక ఫలితం నొక్కారనుకోండి. ఆ జత మీకు మనిషి స్వయంగా దిద్ది ఇచ్చిన తప్పొప్పుల పట్టిక. కెర్నిఘన్, చర్చ్, గేల్ అనే ముగ్గురు పరిశోధకులు 1990లో చూపించిన పద్ధతి ఇక్కడ సరిగ్గా అతుకుతుంది: ఆ మాట ఎంత తరచుగా వస్తుంది, ఆ తప్పు ఎంత తరచుగా జరుగుతుంది, రెండింటినీ గుణించి ఎక్కువ వచ్చినదాన్ని ఎంచుకోవడం. పీటర్ నార్విగ్ 2007లో ఇదే ఆలోచనతో కొద్ది వరుసల పైథాన్ ప్రోగ్రాం రాసి వివరించాడు, చదివితే ఒక సాయంత్రంలో అర్థమవుతుంది. జతలు మాత్రమే దాచుకోండి, ఎవరు వెతికారన్నది దాచుకోవద్దు.

ఇప్పుడు మీరు రాసిన ఒక వాక్యం గురించి. ‘సున్నా ఫలితాలు వచ్చే క్వెరీలు దాదాపు పోయాయి, అయినా ఫిర్యాదులు పెరిగాయి’ అన్నారు. ఆ కొలత మిమ్మల్ని తప్పుదారి పట్టించింది. హద్దు పెంచుతూ పోతే సున్నా ఫలితాలు ఎలాగూ పోతాయి, ఏదో ఒకటి కలుస్తుంది కాబట్టి. లాగ్ నుంచి రెండు వందల క్వెరీలు ఏరండి. సగం సరిగ్గా రాసినవి, సగం తప్పులున్నవి. ప్రతిదానికీ ఏ రికార్డు రావాలో చేత్తో రాసి పెట్టుకోండి. ఒక రోజు పని. నియమం మార్చిన ప్రతిసారీ అది నడిపి, కావలసిన రికార్డు మొదటి ఐదింటిలో ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. సరిగ్గా రాసిన సగంలో ఒక్కటి కిందికి జారినా ఆ మార్పుని వెనక్కి తీసుకోండి. తప్పులవాళ్ల కోసం ఒప్పులవాళ్లని ఇబ్బంది పెట్టే మార్పు నిలవదు.

మాటల అర్థాన్ని అంకెలుగా మార్చి పోల్చే వెక్టర్ సెర్చ్ పెడితే ఇదంతా తప్పుతుందా అని మీ పోస్టు కింద ఇంకొకరు అడిగారు. అర్థం దగ్గరగా ఉన్నవాటిని తేవడంలో అది గొప్పది. ‘నేల సారం’ అని వెతికితే ‘భూసారం’ తెస్తుంది, పై మెట్లలో ఏదీ ఆ పని చెయ్యదు. పేర్ల దగ్గర మాత్రం నమ్మలేం. తప్పు అక్షరం పడిన పేరుని మోడల్ వేరే ముక్కలుగా విరగ్గొడుతుంది, ఆ ముక్కల్ని బట్టి ఎటు పోతుందో చెప్పలేం. మీ క్వెరీల్లో ఎక్కువ భాగం రచయితల పేర్లే అన్నారు కాబట్టి, అది తర్వాత చేర్చుకునే అదనపు అంతస్తు అవుతుంది, పై మూడు మెట్లకి బదులు కాదు.

ఇక ఎలాస్టిక్‌సెర్చ్. రికార్డులు కోట్లలోకి వెళ్లినప్పుడో, శీర్షికలతో పాటు పుస్తకాల లోపలి పాఠం కూడా వెతకాల్సినప్పుడో మారండి.  ఇవాళ మారితే ‘పాట’కి ‘పీట’ వచ్చే సమస్యని ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి మోసుకెళ్లినట్టే అవుతుంది, మీరు ‘ఆటో’తో అప్పటికే చూసేశారు కదా. ఈ వారం జీరో విడ్త్ గుర్తులు తీసెయ్యడం, ఎన్ఎఫ్‌సీ, ళ్ల-ళ్ళ, ఈ మూడు పెట్టి, హద్దు 2 నుంచి 0కి దించి, ఎన్ని క్వెరీలు ఇంకా దొరక్కుండా మిగిలాయో లెక్కపెట్టి ఇక్కడే రాయండి. మిగిలినవాటిలో ఒక ఇరవై పంపితే, ధ్వని కీకి మీకు ఏ నియమాలు కావాలో వాటిని చూసి చెప్పగలను.